జీతం లేని డ్యూటీ

ఫిబ్రవరి 5, 2024

చిలీలో వాల్పరైసో ప్రాంతం తగలబడుతోంది. వీన్యా దెల్ మార్ కొండవాలు బస్తీలు బూడిదయ్యాయి. చనిపోయినవారి లెక్క వంద దాటింది. మా ఆయన రాత్రంతా ఆ వార్తలే చూశారు. అక్కడ ఊళ్లలో మంటలార్పే బొంబెరోలందరూ వాలంటీర్లే. పల్లెల్లోనే కాదు, రాజధాని శాంటియాగోలోనూ అంతే. 1851లో వాల్పరైసో రేవులో మొదలైన పద్ధతి ఇది. జీతం మాట అటుంచి, సభ్యులే తమ ఫైర్ కంపెనీకి నెలనెలా చందా కట్టడం అక్కడి ఆచారం.

ఇక్కడ పెన్సిల్వేనియాలో మా ఊరి ఫైర్ కంపెనీలో ఆయన చేరినప్పటి నుంచి మనవాళ్లు ఎవరు కలిసినా మొదట అడిగే మాట "ఎంత ఇస్తారు?" అడగడంలో తప్పు లేదు. ఒళ్లు హూనం చేసుకుని పనిచేసేవాడికి ఏం దక్కుతోందో తెలుసుకోవాల్సిందే. ఒక్క ముక్కలో "ఏమీ ఇవ్వరు" అనేస్తే మాత్రం జవాబు సగమే అవుతుంది. మిగతా సగం ఇక్కడ రాసుకుంటాను.

ఫిబ్రవరి 13

తెల్లవారకముందే పేజర్ మోగింది. బరువైన తడి మంచు. చెట్టు విరిగి రోడ్డుకు అడ్డంగా పడింది, కరెంటు తీగలు తెగాయి. ఆయన వెళ్లి, కరెంటువాళ్లు వచ్చేదాకా అటూ ఇటూ బండ్లు ఆపుతూ నిలబడి, వచ్చి స్నానం చేసి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. వెళ్లింది సొంత కారులో, సొంత పెట్రోలుతో. ఇక్కడ వాలంటీర్లు కారుకు నీలం లైటు పెట్టుకోవచ్చు. దాన్ని చూసి దారి ఇస్తే మన మర్యాద. సిగ్నల్ దాటి పోయే హక్కు మాత్రం ఆ లైటు ఇవ్వదు.

డ్యూటీ అంటే మంటలే అనుకుంటారు అందరూ. 2020లో అమెరికా మొత్తం మీద ఫైర్ డిపార్ట్‌మెంట్లకు వచ్చిన పిలుపులు 3 కోట్ల 60 లక్షల పైచిలుకు. అందులో మంటలు నూటికి నాలుగు. మూడింట రెండు వంతుల దాకా వైద్య సాయం కోసం వచ్చినవే. మిగతావి కారు ప్రమాదాలు, గ్యాస్ వాసనలు, ఉత్తినే మోగిన అలారాలు, నీళ్లు నిండిన నేలమాళిగలు. అర్ధరాత్రి వాన్‌లో చిక్కుకున్న మనిషి తలను కదలకుండా పట్టుకుని, రేకు కోసేదాకా అతనితో మాట్లాడుతూ ఉండడం కూడా ఈ పనే.

ఫిబ్రవరి 23, శుక్రవారం

లెంట్ రోజులు, ఈస్టర్‌కు ముందు క్రైస్తవుల ఉపవాస కాలం. శుక్రవారం మాంసం తినరు కాబట్టి ఫైర్ హాల్లో చేపల వేపుడు భోజనాలు. నేనూ వెళ్లి వంటగదిలో నిలబడ్డాను. నూనె మూకుళ్ల దగ్గర ఉన్నవాళ్లలో ఒకాయన ఫైర్ చీఫ్, ఇంకొకాయన రాత్రి రెండింటికి ఇంజన్ నడిపి వచ్చినవాడు. రాత్రి ప్రాణాలకు తెగించిన మనిషి పొద్దున ఆ పనికి కావాల్సిన డబ్బు కోసం చేపలు వేయిస్తున్నాడు. నాకు మనసులో కలుక్కుమంది. ఇక్కడ ఎవరికీ ఇది వింతగా లేదు.

పెన్సిల్వేనియాలో ఫైర్ కంపెనీ సాధారణంగా సర్కారు ఆఫీసు కాదు. ఊరివాళ్లు పెట్టుకున్న సంఘం. అధ్యక్షుడు, కోశాధికారి, నెలవారీ మీటింగు అన్నీ ఉంటాయి. టౌన్‌షిప్, అంటే ఇక్కడి స్థానిక ప్రభుత్వం, కొంత ఇస్తుంది. తక్కినది బింగో ఆటలు, కోడి బార్బెక్యూలు, రాఫిల్ టికెట్లతో రాబట్టుకోవాలి. ఒక మనిషికి కోటు, ప్యాంటు, హెల్మెట్, బూట్లు కలిపితే మూడు వేల డాలర్లు దాటుతాయి. పదేళ్లు నిండితే, చూడ్డానికి బాగున్నా, ప్రమాణాల ప్రకారం పక్కన పెట్టేయాలి. వీపుకు కట్టుకునే గాలి సిలిండరు, మాస్కు వేరే. కొత్త ఇంజన్ ధర పది లక్షల డాలర్ల దాకా పోతోంది. అన్ని చేపలు ఎవరు తినగలరు?

మార్చి 6

టెక్సాస్ పాన్‌హ్యాండిల్‌లో ఫిబ్రవరి 26న అంటుకున్న స్మోక్‌హౌస్ క్రీక్ మంట పది లక్షల ఎకరాలు దాటింది. ఆ రాష్ట్ర చరిత్రలో ఇదే పెద్దది. ఆ మంటతో రోజుల తరబడి పోరాడిన ఫ్రిచ్ ఊరి వాలంటీర్ చీఫ్ నిన్న ఒక ఇల్లు తగలబడుతుంటే వెళ్లి, అక్కడే ప్రాణం వదిలాడు.

డ్యూటీలో పోయినవారి కుటుంబానికి కేంద్రం డబ్బిస్తుంది. 1976 చట్టం అది. జీతం ఉన్నవాడికీ లేనివాడికీ ఒకటే మొత్తం, ఇప్పుడు నాలుగు లక్షల డాలర్ల పైన. గుండెపోటు, పక్షవాతం వచ్చి పోయినవాళ్లను కూడా ఇందులో చేర్చాలని చెప్పడానికి మాత్రం 2003 దాకా ఆగాల్సి వచ్చింది. పని ముగిసిన 24 గంటల్లోపు వస్తే లెక్కలోకి తీసుకుంటారు. డ్యూటీలో పోయే ఫైర్‌మన్‌లలో ఎక్కువమందిని తీసుకుపోయేది మంట కాదు, గుండే. నిద్రలోంచి ఒక్కసారిగా లేచి, బరువంతా మీద వేసుకుని, ఆ వేడిలోకి పరుగెత్తడం మామూలు శ్రమ కాదు. మందుల షాపులో పనిచేసేదాన్ని, ఎవరు ఏ బీపీ మాత్రలు తీసుకెళుతున్నారో నాకు తెలుసు. వాళ్లలో కొందరు ఈ కంపెనీ మనుషులు.

ఈ రాత్రి ఆయనతో అన్నాను: "రేపే వెళ్లి గుండె పరీక్ష చేయించుకోండి." మారు మాట్లాడకుండా సరేనన్నారు.

మార్చి 9, శనివారం

లాంకాస్టర్ కౌంటీలో గోర్డన్‌విల్ మడ్ సేల్. ఏటా మార్చిలో ఫైర్ కంపెనీ కోసం జరిగే వేలం. చలికాలపు మంచు కరిగి నేలంతా బురదై ఉంటుంది, పేరులోనే ఆ బురద ఉంది. ఆమిష్ అనే క్రైస్తవ వర్గపు ఆడవాళ్లు కుట్టిన క్విల్టులు, గుర్రపు బగ్గీలు, సేద్యపు పనిముట్లు, వేడివేడి డోనట్లు. ఒకేసారి నాలుగైదు చోట్ల వేలం పాటలు.

ఆమిష్‌వాళ్లు ఇంట్లో కరెంటు లైను పెట్టుకోరు, కారు నడపరు. కానీ ఈ కౌంటీలో ఎన్నో ఫైర్ కంపెనీల్లో సభ్యులు వాళ్లే. ఇంజన్ ఇంకొకరు నడుపుతారు, వీళ్లు ఎక్కి వెళ్లి గొట్టం పట్టుకుంటారు. పొలం పని, వడ్రంగం ఊళ్లోనే కాబట్టి పగటిపూట పిలిస్తే అందే చేతులు వీళ్లవే. మిగతా చోట్ల పెద్ద లోటు సరిగ్గా అక్కడే. పగలు జనం నలభై మైళ్ల అవతల ఆఫీసుల్లో ఉంటారు, మంట పగలూ లేస్తుంది.

మార్చి 19

టౌన్‌షిప్ మీటింగు. ఫైర్ పన్ను కొంచెం పెంచుదామా అన్నది చర్చ. ఒక మిల్ అంటే మదింపు చేసిన విలువలో వెయ్యికి ఒక డాలరు. "వాళ్లు వాలంటీర్లే కదా, మళ్లీ పన్నెందుకు?" అని ఒకాయన లేచాడు. నాకు కోపం వచ్చింది. మనుషులు జీతం అడగనంత మాత్రాన ఇంజన్, డీజిలు, శిక్షణ, బీమా ఊరికే రావు.

కంపెనీ కోశాధికారి నిదానంగా లెక్కలు చదివాడు. ఈ రాష్ట్రంలో 1970ల్లో వాలంటీర్లు దాదాపు మూడు లక్షలు. 2018లో రాష్ట్రం వేసిన కమిషన్ లెక్క కట్టేసరికి 38 వేలు. 1736లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఆయన మిత్రులు తోలు బకెట్లతో యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టిన నేల ఇది. బయటి రాష్ట్రాల, దేశాల బీమా కంపెనీలు ఇక్కడ వసూలు చేసే అగ్ని బీమా ప్రీమియం మీద 2 శాతం పన్ను ఉంది. అది వాలంటీర్ల సహాయ సంఘాలకు వెళుతుంది. 2016 చట్టం ప్రకారం టౌన్‌షిప్ తలచుకుంటే చురుగ్గా పనిచేసే వాలంటీరుకు ఆదాయం మీద వేసే స్థానిక పన్నులోనూ, ఆస్తి పన్నులోనూ కొంత తగ్గించవచ్చు. తలచుకున్నవి ఉన్నాయి, తలచుకోనివీ ఉన్నాయి.

కోశాధికారి ఇంకో మాట అన్నాడు, అది హాలంతా విన్నది. స్టేషను అయిదు మైళ్లలోపు లేకపోతే ఇంటి బీమా రేటింగు అట్టడుగున పదో తరగతికి పడిపోతుంది, ప్రీమియం పెరుగుతుంది. ఈ కంపెనీ మూతపడితే పన్నులో మిగిలిందంతా బీమాకు కట్టాలి. ఓటింగు వచ్చే నెల.

మార్చి 20

పిలుపుకు ఇంత అని ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. దానికీ ఒక గీత ఉంది. అదే పని చేసే పూర్తికాలపు ఉద్యోగికి ఇచ్చే దాంట్లో 20 శాతం మించకపోతే నామమాత్రపు మొత్తంగా చూస్తామని కార్మిక శాఖ 2006లో చెప్పింది. మించితే ఆ మనిషి ఉద్యోగి. కనీస వేతనం, ఓవర్‌టైం చట్టాలన్నీ వచ్చి పడతాయి, చిన్న ఊరు ఆ ఖర్చు మోయలేదు. ఊరు ఇచ్చే ఈ చిన్న మొత్తాల్లో నెలకు 50 డాలర్ల వరకు కేంద్రం ఆదాయపు పన్ను వేయదు. 2021 నుంచి అది శాశ్వతం.

పొరుగున న్యూయార్క్‌లో ఒక మంచి పద్ధతి ఉంది. పిలుపులకు, శిక్షణకు, మీటింగులకు పాయింట్లు. ఏడాదిలో 50 తెచ్చుకుంటే ఒక సంవత్సరం సేవ జమ. అలా జమైన ఏళ్లను బట్టి పెద్దవయసులో పింఛనులాంటిది వస్తుంది. ఆ పథకం ఉండాలా వద్దా అన్నది ఆ ఊరి జనమే ఓటు వేసి తేల్చుకుంటారు. పాతికేళ్లు నిద్ర మానుకున్న మనిషికి ఊరు పంపే ఆ కొద్ది మొత్తం గౌరవమైన సొమ్ము.

ఏప్రిల్ 9, ఉగాది

పచ్చడి చేసి, పూజ అయ్యాక కృష్ణా జిల్లాకు ఫోన్ చేశాను. బాబాయి గొంతు నీరసంగా ఉంది. వారం క్రితం దొడ్లో గడ్డివాము తగలబడిందట.

"ఫైరింజను రాలేదా బాబాయ్?"

"వచ్చిందమ్మా, పాపం వాళ్లు వచ్చారు. టౌన్ నుంచి రావాలి కదా. ఈలోగా మన వీధి కుర్రాళ్లే బోరు మోటార్లు వేసి, బిందెలతో పోశారు. పక్కన తాటాకు పాక అంటుకోకుండా పైకెక్కి తడి గోనెలు పరిచారు. ఒకడికి చేయి కాలింది."

"ఆస్పత్రి ఖర్చు ఎవరు పెట్టుకున్నారు?"

"ఎవరు పెట్టుకుంటారమ్మా? నేనూ, వాళ్ల నాన్నా చెరి సగం." కాసేపాగి, "అల్లుడుగారు జాగ్రత్త. నువ్వు వద్దనకు, కానీ జాగ్రత్తని చెప్పు" అన్నారు.

ఆ కుర్రాడి పని ఇక్కడి వాలంటీరు పని కంటే ఏం తక్కువ? శిక్షణ లేదు, కోటు లేదు, కాలితే చూసే చట్టం లేదు. మన ప్రతి పల్లెలోనూ మంట లేవగానే పరుగెత్తే నలుగురు కుర్రాళ్లు ఉంటారు. వాళ్లెవరో ఊరందరికీ తెలుసు. వేసవికి ముందు ఫైర్ స్టేషన్‌వాళ్లు వచ్చి ఒక పూట నేర్పి, నాలుగు జతల తోలు గ్లవ్స్, నీటి గొట్టం ఇచ్చి, పంచాయతీ వాళ్ల పేర్ల మీద ప్రమాద బీమా కడితే అయ్యే ఖర్చు ఎంతని? బాబాయికి ఇదే చెప్పాను. సర్పంచ్‌తో మాట్లాడతానన్నారు.

ఏప్రిల్ 14, ఆదివారం

మన దేశంలో అగ్నిమాపక దినం. 1944లో ఇదే రోజున బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడలో మంట లేచింది. పత్తి బేళ్లు, వాటితోపాటు పేలుడు సామగ్రి. ఆర్పడానికి వెళ్లిన 66 మంది ఫైర్‌మన్‌లు పేలుడులో పోయారు. ఎనభై ఏళ్లయింది.

2013 ఏప్రిల్ 17న టెక్సాస్‌లోని వెస్ట్ అనే చిన్న ఊళ్లోనూ ఇలాగే జరిగింది. ఎరువుల గోదాములో మంట, లోపల అమోనియం నైట్రేట్. 15 మంది చనిపోయారు. 12 మంది సాయానికి వెళ్లినవాళ్లు, ఎక్కువమంది వాలంటీర్ ఫైర్‌మన్‌లు. ఏ గోదాములో ఏముందో ముందే తెలియజెప్పడం కూడా ఊరు వాళ్లకు చెల్లించాల్సిన బాకీలో భాగమే. దానికి డబ్బు కూడా అక్కర్లేదు, నిజం చెబితే చాలు.

ఏప్రిల్ 16

పన్ను పెంపు నెగ్గింది. తేడా తక్కువే. ఇంటికి వచ్చి పాయసం చేశాను.

మే 4

పక్కింటివాళ్ల పెద్దబ్బాయి శిక్షణ పూర్తి చేశాడు. ఇక్కడ 14 ఏళ్లకే జూనియర్ సభ్యుడుగా చేరవచ్చు. గొట్టాలు చుట్టడం, సామాను అందించడం నేర్పుతారు, మండుతున్న ఇంట్లోకి పంపరు. పెద్దయ్యాక చేసే ప్రాథమిక కోర్సు దాదాపు రెండు వందల గంటలు. వారం మధ్యలో రాత్రులు, శనాదివారాలు. నిచ్చెనలు, తాళ్లు, పొగనిండిన గదిలో మోకాళ్ల మీద వెతకడం, గ్యాస్, కరెంటు, రసాయనాలు. మా ఆయన చేసినప్పుడు పాప పుట్టినరోజు శిక్షణలోనే పోయింది. పాప ఆరోజు ఏడ్చింది. ఇప్పుడు పేజర్ మోగితే బూట్లు గుమ్మం దగ్గర పెట్టేది అదే. వాలంటీరు ఇచ్చే గంటల్లో భార్య గంటలు, పిల్లల గంటలు కూడా ఉంటాయి. వాటికి ఏ చట్టంలోనూ పాయింట్లు లేవు.

జూన్ 18

విపరీతమైన ఎండ. మధ్యాహ్నం ఒక డెయిరీ ఫారం కొట్టం అంటుకుంది. ఆవుల్ని తోలేశారు, గడ్డి పోయింది. ఎవరూ నిప్పు పెట్టలేదు. గడ్డి సరిగా ఆరకముందే, ఇరవై శాతానికి మించిన తేమతో బేళ్లు కడితే లోపల సూక్ష్మజీవులు పెరిగి వేడి పుడుతుంది. రెండు మూడు వారాలకు ఆ వేడి 80 డిగ్రీల సెల్సియస్ దాటి, చివరికి దానంతటదే అంటుకుంటుంది. వాముకు తడి గడ్డి వేయొద్దని మా తాత అరిచేవాడు, కారణం ఇదే.

ఈ వైపు హైడ్రంట్లు లేవు. ఇంజన్‌లో వెయ్యి గ్యాలన్లు ఉంటే పెద్ద గొట్టం ఒక్కటి నాలుగు నిమిషాల్లో ఖాళీ చేస్తుంది. అందుకే చుట్టుపక్కల కంపెనీల ట్యాంకర్లన్నీ వచ్చాయి. రోడ్డు పక్కన మడత తొట్టెలు పరిచి, చెరువు నుంచి తోడి తెచ్చి, తొట్టెలో పోసి, మళ్లీ చెరువుకు పరుగు. అలా నీళ్ల గొలుసు తెగకుండా సాయంత్రం దాకా నడిపారు. మేం కొందరం ఆడవాళ్లం మంచినీళ్లు, ఉప్పు బిస్కెట్లు, తడి తువ్వాళ్లతో చెట్టుకింద ఉన్నాం. హెల్మెట్ తీస్తే ఒక్కొక్కరి తల స్నానం చేసినట్టు ఉంది. చీఫ్ ఒక్కొక్కరి నాడి చూసి, తగ్గేదాకా మళ్లీ లోపలికి పోనివ్వలేదు.

ఆయన మసి కోటు ఇంటికి తేలేదు. తేవద్దనేది ఇప్పుడు నియమం. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఫైర్‌మన్ పనినే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. పెన్సిల్వేనియాలో 2011 చట్టం కొన్ని షరతుల మీద వాలంటీర్ల క్యాన్సర్‌ను కూడా పని వల్ల వచ్చిందిగా పరిగణిస్తుంది. కోట్లు ఉతికే పెద్ద మెషీను స్టేషన్‌లో పెట్టుకోవడానికి మా కంపెనీ గ్రాంటుకు రాయాలి. రాసే మనిషి లేడు.

జూలై 7

స్టేషన్ వెనక బల్లల దగ్గర పెద్దవాళ్ల చర్చ. ఆస్ట్రేలియాలో 2019-20 కార్చిచ్చుల్లో వాలంటీర్లు నెలల తరబడి పనులు మానుకుని పోరాడితే, అక్కడి ప్రభుత్వం పది రోజులు దాటినవారికి రోజుకు 300 ఆస్ట్రేలియన్ డాలర్ల వరకు, మొత్తం 6,000 మించకుండా ఇస్తామంది. పోయిన సంపాదనకు పరిహారంగా.

"డబ్బు తీసుకుంటే మనం వాలంటీర్లం ఎలా అవుతాం?" అన్నాడు డెబ్బై దాటిన పెద్దాయన. "నా కొడుకు గంటకు ఇంతని కూలి. పిలుపుకు వస్తే ఆ కూలి పోతుంది. నీకు పింఛను వస్తుంది, వాడికి అద్దె కట్టాలి" అంది పక్కనున్నామె. నా మనసు ఆమెవైపే ఉంది. పోయిన కూలిని పూడ్చకపోతే రేపు ఈ సేవ చేయగలిగేది డబ్బున్నవాళ్లు, ముసలివాళ్లు మాత్రమే.

సెప్టెంబరు 11

2001లో ఇదే రోజు యునైటెడ్ 93 విమానం మా రాష్ట్రంలోనే సోమర్సెట్ కౌంటీ పొలంలో కూలింది. ముందుగా చేరుకున్నవాళ్లలో షాంక్స్‌విల్ వాలంటీర్ ఫైర్ కంపెనీ ఉంది. రెండు వందల మందికి అటూ ఇటూగా ఉండే ఊరు. ప్రమాదం ఎక్కడ జరగాలో ఊరి పరిమాణం చూసి ఎంచుకోదు.

అక్టోబరు 12, దసరా

మన తెలుగువాళ్ల సంఘం వేడుక. భోజనాల దగ్గర మళ్లీ అదే మాట, ఈసారి కొత్తగా వచ్చిన ఒకబ్బాయి: "అక్కా, బావగారికి ఎంత ఇస్తారు?"

కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. దేశంలో ఫైర్‌మన్‌లలో 2020 లెక్క ప్రకారం మూడింట రెండు వంతుల దాకా వాలంటీర్లేనని, మన సబ్‌డివిజన్‌లో ఇల్లు కొనేటప్పుడు స్కూలు రేటింగు చూసుకున్నామే గాని మంట లేస్తే ఎవరొస్తారో ఎవరం అడగలేదని. తర్వాత మైకు అడిగి అందరికీ చెప్పాను.

అందరూ మంటల్లోకి వెళ్లక్కర్లేదు. మన దగ్గర అకౌంటెంట్లు ఉన్నారు, కంపెనీకి పుస్తకాలు రాసే మనిషి కావాలి. మనం ఆఫీసుల్లో రాయని రిపోర్టు లేదు, కేంద్ర విపత్తుల సంస్థ ఫెమా ఇచ్చే గ్రాంటుకు దరఖాస్తు రాసేవాళ్లు కావాలి. ప్రమాదం దగ్గర బండ్లు మళ్లించే ఫైర్ పోలీస్ కావాలి. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు మన ఇళ్లలోనే ఇంతమంది, పగలు పిలిస్తే పలికే డ్రైవర్లు కావాలి. టౌన్‌షిప్ మీటింగులో పన్ను మినహాయింపు, పింఛను పథకం అడిగే గొంతులు కావాలి.

ఆరుగురు పేర్లు ఇచ్చారు. ఇద్దరు ఆడపిల్లలు నిజంగా మంటల్లోకి వెళ్లే శిక్షణకే చేరతామన్నారు. గ్రాంటు దరఖాస్తు ఆ కొత్తబ్బాయి తీసుకున్నాడు. సోమవారం రాత్రి ఏడింటికి స్టేషన్‌లో మీటింగు. ఎంత ఇస్తారన్న ప్రశ్నకు వాలంటీరు జవాబు చెప్పనక్కర్లేదు, ఊరు చెప్పాలి. ఆ ఊళ్లో మనమూ ఉన్నాం కాబట్టి మనం ఇచ్చేదేమిటో సోమవారం నుంచి మొదలుపెడుతున్నాం.